తొడుగులో పరుగెత్తిన గడియారం

కార్తీక బహుళ పాడ్యమి

ఏకం వచ్చాక మా వరండా ఒక్క పూట కూడా ఖాళీగా లేదు.

నీటి మండలి వాళ్లు ఊళ్లోని పాత కంప్యూటర్లన్నిటినీ పడవలకెత్తుకుని పోయి, వాటి బదులు కొత్తవి ఇచ్చారు. కొత్తవాటిలో నడిచేది ఏకం అనే వ్యవస్థ ఒక్కటే. అది పాత ప్రోగ్రాములను దగ్గరికి రానివ్వదు. వాటిలో ఏ రోగం ఉందోనని దాని భయం. అందుకని నాలాంటివాళ్లం పాత ప్రోగ్రాము చుట్టూ ఒక తొడుగు వేస్తాం. లోపలున్న ప్రోగ్రాము తానింకా పాత మిషన్లోనే ఉన్నాననుకుంటుంది. బయటున్న ఏకానికి తొడుగు తప్ప ఇంకేమీ కనబడదు. తొడుగులు వేసేవాళ్లు ఏ రోజు ఏం చేశారో రాసి మండలికి పంపాలన్నారు కాబట్టి రాస్తున్నాను.

మా ఊరు మూడోగట్టులో ఎవరి దేవుడు ఎవరైనా రోజులు మాత్రం తిథుల్లోనే చెప్పుకుంటాం. పోటు మీదున్నప్పుడు సముద్రం మా ఇళ్లకంటే ఎత్తులో ఉంటుంది. అది చంద్రుడి మాట తప్ప మరెవరి మాటా వినదు.

ఈ రోజు జాకెట్ల మీద కుట్టుపని వేసే ప్రోగ్రాముకు ఒక తొడుగు, చర్చిలో పాటలు తెర మీద చూపించేదానికి ఒకటి వేశాను. తర్వాత నాంచారమ్మ మామ్మ వచ్చింది. ఆవిడకు ఎనభై దాటాయి. వేళ్లు బిగుసుకుపోకుండా ఉంటాయని ఎవరో డాక్టరు చెబితే చేపలకు వల విసిరే ఆట ఒకటి మొదలుపెట్టింది. ఇప్పుడు అది ఆడనిదే అన్నం సయించదు.

"ఇయ్యి చేపలు కావే కెజియా, తూటాలు" అంది మిషను నా ముందు పెట్టి.

పాత ఆటలకు ఇది మామూలు జబ్బు. ఆ రోజుల్లో ఆటలు రాసినవాళ్లు కాలాన్ని గడియారం చూసి కొలవలేదు. మిషను ఇన్ని అడుగులు వేస్తే ఒక క్షణం అని లెక్క వేసుకున్నారు. ఇప్పటి మిషను ఆ అడుగులన్నీ రెప్పపాటులో వేసేస్తుంది. తొడుగుకు కళ్లెం బిగించి నిదానంగా నడిపించాను. మామ్మ ఒక వల విసిరి చూసుకుని, సర్లే అన్నట్టు తలూపి వెళ్లింది.

విదియ

లాకుల దగ్గర నుంచి పిలుపు వచ్చింది. చిన్నప్పటి నుంచీ చూస్తున్న లాకులే అయినా లోపలి గదిలోకి వెళ్లడం ఇదే మొదటిసారి.

సముద్రానికీ ఊరి కాలువకూ మధ్య ఉన్నవి ఆ షట్టర్లే. పాటు సమయంలో సముద్రం తగ్గినప్పుడు తెరుచుకుని ఊళ్లోని మురుగును, వాననీటిని బయటికి వదులుతాయి. పడవలు వచ్చేదీ పోయేదీ అప్పుడే. పోటు లేవకముందే మూసుకోవాలి. ఆలస్యమైతే ఉప్పునీళ్లు కాలువ దాటి మంచినీళ్ల చెరువులో పడతాయి. షట్టర్లను చేత్తో తిప్పే చక్రాలు తుప్పు పట్టి ఊడిపోయి చాలా కాలమైంది. నీటి మట్టం చెప్పే ముళ్లనూ ఉప్పు తినేసింది. మిగిలింది పాత లాకు ప్రోగ్రాము. ఏ తిథికి ఏ వేళ పోటు వస్తుందో, పూడిక వల్ల మా కాలువలో అది ఎంత ముందుకు జరుగుతుందో అందులో ఉంది. రోజూ పొద్దున సూపరింటెండెంటు మస్తాన్‌వలి గారు దానికి వేళ చెప్పి మొదలుపెడతారు. అక్కణ్నుంచి మర్నాటి పొద్దున దాకా కాలాన్ని అదే కొలుచుకుంటుంది.

మండలి నుంచి విభావరి అనే ఇంజినీరు వచ్చి ఉంది. ముప్పై లోపు మనిషి, మాటకు తొందరపడదు. కొత్త లాకు ప్రోగ్రాము తెచ్చింది గానీ, అది ఒక వానాకాలమంతా ఈ కాలువను చూసి నేర్చుకోవాలని తనే చెప్పింది. అందాకా పాతదానికి తొడుగు వేసి నడుపుదామంది. దీనికీ కళ్లెం కావాలని నేను ముందే అనుకున్నాను. బిగించి, గోడ గడియారం పక్కన పెట్టి చూశాను. రెండూ కలిసే నడిచాయి.

సప్తమి

నా భర్త రత్నరాజు పడవ ఈ పొద్దున లాకుల్లో ఉండగానే షట్టరు దిగింది.

తను పుట్టినప్పటి నుంచీ ఆ లాకుల్లో తిరుగుతున్నవాడే. పడవ వెనక భాగం షట్టరు కింద పడి చీలింది. దాన్ని తోసుకుని బయటపడే తొందరలో ఎడమ భుజం ఇనప చట్రానికి కొట్టుకుంది. ఎముక విరగలేదన్నారు. చెయ్యి పైకి లేవడం లేదు.

నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి విభావరి తెర ముందు కూర్చుని ఉంది. ప్రోగ్రాము తన గడువంతా పూర్తిగా ఆగిన తర్వాతే షట్టరు దించినట్టు తెర మీద ఉంది. మస్తాన్‌వలి గారు కూడా చూశారు. పడవే ఆలస్యంగా వచ్చిందేమో అన్నారు, మెల్లగా, నొప్పించకుండా. రత్నరాజు వాదించలేదు. ఇంటికి వచ్చాక మాత్రం నాతో అన్నాడు.

"నేను ఎప్పుడూ వచ్చే వేళకే వచ్చాను. అది తొందరపడింది."

తెర ఒకటి చెబుతోంది, ఆయన ఒకటి చెబుతున్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పేవాళ్లు కారు. కూర్చోలేక మళ్లీ లాకుల దాకా నడిచాను. తొడుగును కుట్టు కుట్టునా విప్పి చూశాను. తప్పు కనబడలేదు. ఇంటికి వచ్చి బియ్యం పొయ్యి మీద పెట్టి, మళ్లీ వెళ్లాను. అన్నం మాడింది.

నవమి

నాంచారమ్మ మామ్మ మళ్లీ వచ్చింది. నా మనసు మనసులో లేదు. తర్వాత రమ్మని పంపేద్దామనుకున్నాను. ఆవిడ అరుగు మీద కూర్చుని తీరిగ్గా చెప్పుకుపోయింది. పొద్దున్నపూట చేపలు పరుగెత్తుతున్నాయట, మధ్యాహ్నమయ్యేసరికి నీరసించిపోతున్నాయట.

"చేపలకేం తెలుసు మామ్మా పొద్దూ మధ్యాహ్నం" అన్నాను.

"వాటికి తెలవదు. మరి ఎవురికి తెలుసో నువ్వే చూడు" అంది.

నా చేతిలోని పని అక్కడే వదిలేసి ఆవిడ మిషను ముందు కూర్చున్నాను. పక్కన గడియారం పెట్టుకున్నాను. పొద్దున్న చేప చెరువు దాటడానికి పట్టిన సమయానికి మధ్యాహ్నం రెట్టింపు పట్టింది. ఆట తెర మీద మాత్రం రెండుసార్లూ ఒకే అంకె ఉంది.

అప్పుడు అర్థమైంది. ఏకం ఉన్న మిషన్లన్నిటికీ ఒకటే ఒళ్లు. ఎక్కడ పని ఎక్కువుంటే బలాన్ని అక్కడికి లాక్కుంటుంది. మిగిలినచోట మిషన్లు నీరసిస్తాయి. పని తగ్గితే అందరికీ ఊపు వస్తుంది. నేను బిగించిన కళ్లెం ఒకే పట్టున ఉంది, గుర్రం మాత్రం గంటకో రకంగా నడుస్తోంది. లోపలి ప్రోగ్రాము తన అడుగులే లెక్కపెట్టుకుంటుంది. కాబట్టి దాని లెక్క ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. సప్తమి పొద్దున ఊళ్లో ఇంకా ఎవరూ మిషన్లు తెరవని వేళ అది పరుగెత్తింది. రత్నరాజు భుజం మీద పడింది నా తొడుగే.

వెంటనే వెళ్లి ఆయనకు చెప్పాను. "ముందు లాకుల దగ్గరికి పో" అన్నాడు.

ఏకాదశి

విభావరి నా మాట విని, తనే గడియారం పట్టుకుని కొలిచి చూసింది. నేనన్నది నిజమే. వెంటనే మండలికి రాసింది, తొడుగులోకి బయటి గడియారాన్ని చూడనివ్వమని. జవాబు సాయంత్రానికల్లా వచ్చింది. పాత ప్రోగ్రాములకు బయటి మిషన్ల నుంచి ఏదీ అందకూడదని ఏకం నియమం. మార్చాలంటే ఏకం వాడే ఊళ్లన్నీ ఒప్పుకోవాలి, నెలలు పడుతుంది.

నెలలు లేవు. బంగాళాఖాతంలో వాయుగుండం లేచింది. అమావాస్య పోటు రోజే తీరం దాటుతుందంటున్నారు. ఆ రోజు మండలి మిషన్లన్నీ తుఫాను లెక్కల్లో మునిగి ఉంటాయి. బలమంతా అటు పోతుంది. మా తొడుగు నత్తలా నడుస్తుంది. షట్టర్లు దిగాల్సిన వేళ దిగవు.

మూసేసి కూర్చుందామని మస్తాన్‌వలి గారు అన్నారు. అదీ కుదరదు. పైనుంచి వాన పడుతుంటే లోపలి నీళ్లు పోవడానికి దారి లేక ఊరే మునుగుతుంది. కొత్త ప్రోగ్రాముకు వదిలేద్దామా అని విభావరిని అడిగాను.

"వద్దండీ. దానికింకా మీ కాలువ తెలీదు. నేను తెచ్చిందే అయినా, ఆ రోజు దాన్ని నమ్మమని చెప్పలేను" అంది.

నేను గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. తొడుగులోకి ఏకం రానిచ్చేది ఒక్కటే, మనిషి వేలు. మీట మీద వేలు పెడితే అందులో నెత్తురు ఆడుతోందో లేదో చూసుకుని మరీ లోపలికి వదులుతుంది. మిషనుతో మీట నొక్కించి దాన్ని మోసం చెయ్యలేం. కానీ మనిషి నొక్కవచ్చు కదా. నొక్కు పడ్డప్పుడల్లా తొడుగు లోపలి ప్రోగ్రామును సరిగ్గా ఒక సెకను ముందుకు నడిపి ఆపేస్తుంది. మళ్లీ నొక్కితే ఇంకో సెకను. గోడ గడియారం ముల్లు చూస్తూ ఒక మనిషి నొక్కుతూ ఉంటే, ఏకం ఎంత నీరసించినా ప్రోగ్రాముకు సరైన కాలమే అందుతుంది.

విభావరి నా వంక చూసి, "రోజంతానా?" అని మాత్రం అడిగింది.

త్రయోదశి

కొత్త తొడుగు సిద్ధమైంది. నొక్కేవాళ్లే దొరకడం లేదు.

లాకుల సిబ్బంది అందరి చేతా చేయించి చూశాం. కాసేపు బాగానే నొక్కుతారు. తర్వాత ముల్లు కంటే ముందు పోతారు, లేదా ఆలోచనలో పడి వెనకబడతారు. నేను అందరికంటే అధ్వానం. నా వేలు ఎప్పుడూ తొందరలోనే ఉంటుంది. విభావరి నయం. చివరికి నాంచారమ్మ మామ్మను రమ్మన్నాను. ఆవిడ గడియారం కేసి కొంతసేపు చూసి, తర్వాత చూడటం మానేసి, కిటికీలోంచి కాలువను చూస్తూ నొక్కింది. తెర మీది వేళ గోడ మీది వేళ పక్కనే నడిచింది. ఆవిడ, విభావరి, నేను వంతులు వేసుకున్నాం.

ఇంటికి వచ్చేసరికి రత్నరాజు చీలిన పడవకు చెక్క బిగిస్తున్నాడు. మడ అడవిలో పీతలు పట్టుకునే రెండు కుటుంబాలు ఇంకా అక్కడే ఉన్నాయి. వాళ్ల దగ్గరున్న పాత రేడియోలకు ఏకం చెప్పే వార్తలు అందవు. తుఫాను సంగతి వాళ్లకు తెలియదు. ఆ సన్న కాలువల్లో దారి తెలిసినవాడు రత్నరాజు ఒక్కడే. ఒక చెయ్యి పని చెయ్యడం లేదు కదా అన్నాను. మోటారుకు ఒక చెయ్యి చాలన్నాడు. అరిచాను. ఆయన సుత్తి పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"అక్కడ పిల్లలున్నారు కెజియా. ఆళ్లకి ఎవురు చెబుతారు?"

చద్ది కట్టి ఇచ్చాను. అమావాస్య నాడు షట్టర్లు మూసుకునేలోపు రావాలని చెప్పాను. ఎప్పుడు మూసుకుంటాయో ఆయనకు నాకంటే బాగా తెలుసు.

మార్గశిర శుద్ధ పాడ్యమి

నిన్న జరిగింది ఈ రోజు రాస్తున్నాను. నిన్న రాసే వీలు లేదు.

తెల్లవారుతూనే వాన అందుకుంది. మస్తాన్‌వలి గారు ప్రోగ్రాముకు వేళ చెప్పి మొదలుపెట్టారు. మొదటి వంతు విభావరిది. ఏకం అప్పటికే నీరసించింది. గదిలో దీపం పెట్టమంటే ఎంతో సేపటికి గానీ వెలగలేదు. కొత్త తొడుగు మాత్రం నొక్కు నొక్కుకీ కదిలింది. సముద్రం తగ్గగానే షట్టర్లు లేచాయి. ఊరి నీళ్లు ఎర్రగా, చెత్తాచెదారం మోసుకుంటూ బయటికి దూకాయి. అది చూసి మస్తాన్‌వలి గారు రుమాలుతో మొహం తుడుచుకున్నారు.

నా వంతు వచ్చినప్పుడు కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను. కాలువ వైపు చూస్తే లెక్క తప్పుతుంది. ఒక్కో పడవా లోపలికి వస్తున్న చప్పుడు వినబడేది. ప్రతిసారీ మోటారు గొంతు గుర్తుపట్టేదాన్ని. ఏదీ మాది కాదు.

మధ్యాహ్నానికి మామ్మ కూర్చుంది. షట్టర్లు దిగాల్సిన వేళ దగ్గరపడింది. తెర మీద మిగిలిన గడువు తగ్గుతోంది. గాలి దక్షిణానికి తిరిగింది, సముద్రం రంగు మారింది. నేను లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను.

షట్టర్ల బయట, మలుపులో ఒక పడవ కనబడింది. మోటారు చప్పుడు లేదు. ఒకడు ఒంటి చేత్తో గెడ వేస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పళ్లేలతో, చెక్క ముక్కలతో, చేతులతో నీటిని వెనక్కి తోస్తున్నారు. ఆడవాళ్ల ఒళ్లో పిల్లలున్నారు. ఆ వేగానికి వాళ్లు షట్టరు దాటేలోపు గడువు అయిపోతుంది. అది కళ్లతో చూస్తేనే తెలిసిపోతోంది.

నేను నోరు తెరవలేదు. నా మొగుడి కోసం ఊరి తలుపు తెరిచి ఉంచమని ఏ నోటితో అడగను?

"ఎవురిదే ఆ పడవ?" అంది మామ్మ, నొక్కుతూనే.

"మాదే మామ్మా."

ఆవిడ వేలు పైకెత్తింది. మళ్లీ దించలేదు.

తెర మీద గడువు ఆగిపోయింది. పాత ప్రోగ్రాము తన పాత మిషన్లో, ఆగిన క్షణంలో, ఇంకా వేళ కాలేదనుకుంటూ షట్టర్లు పట్టుకుని ఉంది. అది పుట్టినప్పటి నుంచీ ఎవరి కోసమూ ఆగింది లేదు. ఇలా ఆగుతుందని, తొడుగు వేసిన నాకే తట్టలేదు.

విభావరి మామ్మ వేలి కేసి చూసి, బయట మెట్ల మీద పాకుతున్న నీళ్ల కేసి చూసింది.

"నీళ్లు చెరువు గట్టు ఎక్కుతాయి. ఊరందరూ తాగే నీళ్లవి" అంది, ఎవరినీ తప్పుపట్టకుండా, తెలిసిన సంగతి ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి చెప్పినట్టు.

మామ్మ కదల్లేదు. నేను చెయ్యి చాపితే మీట అందుతుంది. చాపలేదు. ముగ్గురమూ మస్తాన్‌వలి గారి వైపు చూశాం. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆ లాకులకు పెద్ద ఆయనే, రేపు జవాబు చెప్పాల్సిందీ ఆయనే. సముద్రపు నీళ్లు షట్టర్ల కింద నుంచి లోపలికి తిరగడం మొదలైంది. పడవ ఇంకా దూరంగానే ఉంది.

"ఆగండి, రానీండి" అన్నారాయన. చెప్పులు విడిచి, తాడు చుట్ట భుజాన వేసుకుని వానలోకి దిగారు.

లోపలికి తిరిగిన ప్రవాహమే పడవను ముందుకు తోసింది. మస్తాన్‌వలి గారు విసిరిన తాడును ఒకావిడ పట్టుకుంది. గట్టు మీదున్న లాకుల సిబ్బంది లాగారు. పడవ షట్టర్ల నీడలోకి వచ్చింది, దాటింది. రత్నరాజు గెడ వదిలేసి పడవలోనే కూలబడ్డాడు.

"ఇప్పుడు నొక్కు మామ్మా, గబగబా" అన్నాను.

ఆపిన కాలమంతా తిరిగి చెల్లిస్తే గానీ ప్రోగ్రాము షట్టర్లు దించదు. మామ్మ వేలు ఆ వేగం అందుకోలేకపోయింది. విభావరి పక్కన చేరింది. అదీ చాలక నేను కూర్చున్నాను. అందరికంటే తొందర నాదే కదా. ముల్లుతో పని లేదు, ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా నొక్కాను. వేలు నొప్పి పుట్టింది. కాలువలో నీళ్లు పొర్లి చెరువు వైపు పోతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. చివరికి షట్టర్లు ఒకదాని తర్వాత ఒకటి దిగాయి. సముద్రం వచ్చి వాటిని గుద్దింది. నిలబడ్డాయి.

ఆ తర్వాత అర్ధరాత్రి దాటేదాకా మళ్లీ ముల్లు చూస్తూ నొక్కాం. రెండో పాటుకు షట్టర్లు లేచి వాననీటిని వదిలి, వేళకు దిగాయి. ఊరు మునగలేదు. మంచినీళ్ల చెరువు మాత్రం ఉప్పయిపోయింది.

మార్గశిర శుద్ధ చవితి

మండలి నుంచి ప్రశ్న వచ్చింది. షట్టర్లను గడువు దాటి ఎవరు తెరిచి ఉంచారు, ఎవరి ఆజ్ఞ మీద అని. మస్తాన్‌వలి గారు తన పేరు ఒక్కటే రాసి పంపబోయారు. విభావరి ఆ కాగితం అడిగి తీసుకుని తన పేరు కూడా రాసింది. తర్వాత నేను రాశాను. మామ్మకు సంతకం రాదు. వేలిముద్ర వేసింది.

విభావరి కొత్త లాకు ప్రోగ్రాముకు నేర్పించాల్సినవన్నీ రాసుకుంటోంది. పోటు వేళలు, పూడిక, గాలి దిశ. చివర్న మామ్మ దగ్గర కూర్చుని, ఎప్పుడు ఆపాలో మీకెలా తెలిసింది, దాన్ని ఎలా చెప్పాలి అని అడిగింది. మామ్మ కాలువ కేసి తిరిగింది.

"పడవలో మనుషులు కనపడ్డారు కదమ్మా" అంది. విభావరి ఆ మాట అలాగే రాసుకుంది. దాన్ని ఏకానికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలో ఇద్దరికీ తెలియదు.

మంచినీళ్లు పడవల మీద వస్తున్నాయి, బిందె దాటి ఇవ్వడం లేదు. ఊళ్లో కొందరు మా ఇంటి ముందు నుంచి పోతూ వినబడేలా అంటున్నారు, ఒక్క పడవ కోసం ఊరి గొంతు ఎండబెట్టారని. వాళ్లు అన్నదాంట్లో అబద్ధం లేదు. నేను తలుపు వెయ్యలేదు. పీతల కుటుంబాలు ఇంకా చర్చి వసారాలోనే ఉన్నాయి. వాళ్ల పిల్లలు మా వాకిట్లోకి వచ్చి మామ్మ ఆట చూస్తూ కూర్చుంటున్నారు.

ఈ పొద్దున వచ్చిన నీళ్లు వంటకే సరిపోయాయి. టీకి చెరువు నీళ్లే వాడాను. ఎంత చక్కెర వేసినా ఉప్పు దాగలేదు. రత్నరాజు భుజానికి కట్టుతో అరుగు మీద కూర్చుని గ్లాసు అందుకున్నాడు. ఒక గుక్క తాగి కాలువ వైపు చూశాడు. మెల్లగా చివరి దాకా తాగి, ఇంకొంచెం పొయ్యమని గ్లాసు నా వైపు చాపాడు.